ఎనిమిది ఆకులు

అప్పటివరకూ నేను రాసిన పేజీలన్నింటిలోకీ అందమైన పేజీ అది. సిరా ఇంకా ఆరలేదు. దాని మీద ఆమె తన తడి మూట తెచ్చి ధబ్బున పెట్టింది. మా పరిచయం అలా మొదలైంది.

ఈస్టర్ వెళ్ళిన రెండో వారం. పారిస్‌లో మూడు రోజులుగా ఒకటే ముసురు. నోత్ర్‌దామ్ ఎదురుగా కొత్తవీధిలో మా పుస్తకాల దుకాణం. మాలాంటి రాతగాళ్ళకు వానంటే ఒళ్ళు మంట. రాసే తోలు మెత్తబడి ముడుచుకుపోతుంది, సిరా పాకుతుంది. అందుకే వీధి తలుపు సగం మూసి కూర్చున్నాను. ఆమె మిగతా సగంలోంచి దూరి వచ్చింది.

"ఏమిటిది? కళ్ళు కనబడడం లేదా?" అన్నాను.

"కనబడతన్నాయి. ఈ కొట్లో ఈ బల్లొక్కటే పొడిగా కనబడింది," అంది. "ఏటి, అంతలేసి కళ్ళు సేసుకుని సూస్తన్నావు?"

నాకు నవ్వాగలేదు. ఉత్తరాన పికార్డీ వాళ్ళ మాట అది. అందులోనూ అరాస్ పట్నం యాస. మా వీధిలో ఆ యాస వినబడితే చాలు, కలాలు ఆపి మరీ నవ్వేవాళ్ళం.

"ఇంకోసారి అను," అన్నాను.

"ఏటనాల?"

"అదే. ఆ 'ఏటి'."

మూల కూర్చుని బొమ్మలకు రంగులు వేసే తిఫేన్ పెద్దమ్మ కూడా కిసుక్కుమంది. వచ్చిన పిల్ల మాత్రం తొందరపడలేదు. జడ ముందుకు వేసుకుని, నీళ్ళు నేల మీదకు పిండి, మళ్ళీ వెనక్కి వేసుకుంది.

"నవ్వీసినావా? ఇంకేటైనా మిగిలుంటే అదీ నవ్వీసుకో, పారిస్ బాబూ. అయిపోయాక సెప్పు, పని మాట్లాడుకుందాం. నాను రెండు వారాలు నడిసొచ్చినాను. ఇంకో గడియ కూకోలేనేటి?"

ఇక్కడ మీకో సంగతి చెప్పేస్తాను. నేనూ పారిస్‌లో పుట్టలేదు. బుర్గుండీలో, ద్రాక్షతోటల మధ్య ఓ చిన్న ఊళ్ళో పుట్టాను. గొంతు బాగుందని పన్నెండో ఏట ఇక్కడి పాటల బడికి పంపారు. మొదటి రోజు భోజనాల దగ్గర రొట్టె అడిగితే బల్ల బల్లంతా నవ్వింది. ఆ తర్వాత ఏడాది పాటు పాటకు తప్ప నోరు తెరవలేదు. తెరిచిననాటికి పారిస్‌లో పుట్టిన పిల్లాడిలా తెరిచాను. మా యజమాని మాస్టర్ ఎర్నూల్‌కు కూడా ఈ సంగతి తెలియదు. యాస విని నవ్వేవాళ్ళలో ముందు వరసలో నేనే ఉండేవాణ్ణి. అలా ఉంటే ఎవరూ మన నోటివంక చూడరు కదా.

నవ్వు విని మాస్టర్ ఎర్నూల్ లోపలినుంచి వచ్చాడు.

"ఎవరమ్మాయ్?"

"అమెలిన్ అంటారు బావు. అరాస్‌లో కథలు పాడే గోస్వాన్ కూతుర్ని. అవీస్ దొరసాని పంపింది."

దొరసాని పేరు వినగానే మాస్టర్ స్వయంగా పీట తెచ్చి వేశాడు.

సంగతేమిటంటే, అమెలిన్ తండ్రి బతికినన్నాళ్ళూ ఒకే ఒక్క పెద్ద కథ కట్టాడు. 'నీలి చేతుల పిల్ల' దాని పేరు. ఆరువేల పంక్తులు. నిరుడు చలికాలం కొంపియేన్ సంతలో తండ్రీకూతుళ్ళు పాడుతుంటే అవీస్ దొరసాని విని, దాన్ని పుస్తకంగా రాయించి పారిస్‌లో తన ఇంట్లో పెట్టుకుంటానంది. ఈస్టర్‌కు ముందు లెంట్ ఉపవాసాల్లో తండ్రి జ్వరం వచ్చి పోయాడు. కూతురు కథను మూటగట్టుకుని బయల్దేరింది. వాజ్ నది దాటుతుంటే పడవ ఒరిగింది.

ఆమె మూట విప్పింది. తోలు పత్రాలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. తండ్రి మసితో ఇంట్లో కాచుకున్న సిరా సగానికి సగం కడుక్కుపోయింది.

"ఇందులో ఏం మిగిలింది?" అన్నాను.

"అందులో మిగల్నేదు. ఇందులో ఉంది," అని నుదుటి మీద వేలు పెట్టి చూపించింది. "పొల్లు పోకుండా ఉంది. కానీ నాను ఒక్కదాన్ని. మా నాయనకొచ్చిన జొరం రేపు నాకొస్తే, కథ కూడా నాతోటే పోద్ది. తోలు మీద పెట్టిందాకా నాకు నిద్ర నేదు."

"నువ్వు చెప్పు, మా ఆన్సెల్ రాస్తాడు," అన్నాడు మాస్టర్ నా భుజం తట్టి. "జూన్‌లో సెయింట్ జాన్ పండుగ ముందురోజు దొరసాని ఇంట్లో చదివి వినిపించాలి. మంచి పారిస్ మాటలో."

"మా మాటలో కదా కట్టినాడు?"

"అమ్మాయ్, దొరసాని ఇంటికి వచ్చేవాళ్ళు నవ్వకూడదు."

అమెలిన్ తడి పత్రాలను మళ్ళీ మూటగట్టింది. తర్వాత తలెత్తి, "సరే. ఆవిడకి పారిస్ మాటలో ఒకటి. నాకు మా నాయన మాటలో ఇంకోటి. రెండు రాయాల," అంది.

"రెండోదానికి తోలెక్కడిది? టైమెక్కడిది?"

"తోలు నాను తెచ్చుకుంటాను. టైము ఈయన ఇస్తాడు," అని నన్ను చూపించింది.

"నేనా? ఎందుకిస్తాను?"

"ఇందాక నవ్వినావు కదా. అప్పుడున్న టైమే."

తిఫేన్ పెద్దమ్మ ఈసారి నన్ను చూసి నవ్వింది.

*

మర్నాటి నుంచి ఆమె దినచర్య చూస్తే నాకే ఆయాసం వచ్చేది. తెల్లవారగానే నది అవతలి ఒడ్డున తోళ్ళు శుభ్రం చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళేది. సున్నపు నీళ్ళలో నానిన గొర్రెతోళ్ళను కత్తితో గీకేది. చిల్లులుపడి పక్కన పారేసే తోళ్ళను జీతానికి బదులు అడిగి తీసుకుని, చిల్లు లేని మేర ఆకులుగా కోసుకునేది. పదింటికల్లా చేతులు ఎర్రగా కమిలి మా దుకాణంలో ఉండేది. చంకలో ఓ ఆకు, రెండాకులు.

"చేతులు చూసుకున్నావా?" అన్నాను ఓరోజు.

"సూసుకోడానికి తీరిక నేదు. రాయి."

ఆమె చెప్పేది, నేను రాసేవాణ్ణి. ముందు దొరసాని పుస్తకం. కుడిచేతిలో ఈకకలం, ఎడంచేతిలో చాకు. తోలు లేవకుండా చాకుతో అదిమిపట్టాలి, తప్పు పడితే దానితోనే గీకాలి. ఎనిమిదేసి ఆకులు ఒక కట్ట. కట్ట అయ్యాక తిఫేన్ పెద్దమ్మ దగ్గరికి రంగులకు పోతుంది. శనివారం శనివారం మాస్టర్ కూర్చుని కట్టలన్నీ చదివి చూస్తాడు.

మొదటి కట్ట పూర్తికాగానే అమెలిన్ అందుకుంది. ఆమెకు చదువొచ్చని నాకు తెలియదు. రెండు పేజీలు చదివి బల్ల మీద పెట్టింది.

"బాగుందా?" అన్నాను కాస్త గర్వంగానే.

"బాగుంది. మా నాయన నోట్లో పళ్ళన్నీ పీకేసి నీ పళ్ళు పెట్టినావు."

"అదేం మాట? దొరసాని కోరిందే కదా?"

"కోరింది. కానీ నీకు కష్టంగా అనిపించనేదు కదా. అలగ గీసుకుంటా పోయినావు. నానొక్కొక్క మాట సెప్తంటే ఒక్కసారైనా సెయ్యి ఆగనేదు."

"చెయ్యి ఎందుకాగుతుంది? రాత పని ఎలా ఉంటుందో తెలుసా నీకు? చెవితో విన్నా, కంటితో చూసినా, ముందు పెదవుల మీద అనుకుంటాం. పెదవి ఏమంటే చెయ్యి అది రాస్తుంది. రూఆఁ పట్నంలో కూర్చున్నవాడు రాస్తే రూఆఁ మాట వస్తుంది, మీ ఊళ్ళోవాడు రాస్తే మీ మాట వస్తుంది. ఎవడూ కావాలని మార్చడు."

ఆమె ఆలోచించింది. "అయితే నా పుస్తకానికి ముందు నీ పెదాలకి నేర్పాల."

నేను మళ్ళీ సిరాబుడ్డి వైపు తిరిగాను. చెవులు వేడెక్కాయి.

"ఏటి, సిగ్గా?" అంది.

"సిగ్గేం లేదు. చెప్పు."

నేర్పింది. అలాంటి ఇలాంటి నేర్పడం కాదు. రోజూ రాత ముగిశాక, ఆమె పుస్తకానికి కూర్చునే ముందు, కలం పక్కన పెట్టించేది. ఒక పంక్తి చెప్పేది, నేను అనాలి. తప్పంటే మళ్ళీ అనాలి. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేవారు. పెటీ పోఁ వంతెన దగ్గర చేపలమ్మే ఎర్సాన్ బుట్ట దింపుకుని మరీ విని, "ఏందయ్యో ఆన్సెలూ, గొంతులో ముల్లు గుచ్చుకుందా ఏంది?" అని అరిచేది. మా వీధి మొత్తానికి తాత ముత్తాతల నుంచి పారిస్‌లో పుట్టిన మనిషి ఆ ఎర్సాన్ ఒక్కతే. ఆమెలా మాట్లాడితే మాత్రం మాస్టర్ మా చెవులు మెలేసేవాడు.

మే నెలలో ఓ మధ్యాహ్నం పైకప్పు కారింది. సరిగ్గా మా బల్ల మీద. అమెలిన్ తన పైగుడ్డ తీసి గొడుగులా పట్టింది, తనకు కాదు, నాకు కాదు, తోలుకు. ఇద్దరం తడుస్తూ నిలబడ్డాం. ఆమె ముక్కు మీద నుంచి నీటి బొట్టు జారి గడ్డం దగ్గర ఆగింది. అది పడుతుందా పడదా అని నేను చూస్తున్నాను.

"వాన అటుంటే ఇటు సూస్తావేటి?" అంది.

"బొట్టు పేజీ మీద పడుతుందేమోనని."

"పడదులే. నాను సూస్తన్నాను కదా," అంది గానీ, చూస్తున్నది పేజీని కాదు.

వాన ఆగాక కూడా కాసేపు గుడ్డ అలాగే పట్టుకున్నాం.

*

జూన్ రెండోవారంలో తప్పు జరిగింది.

కథలో ఆ పిల్ల నీలిరంగు అద్దకం చేసేవాడి కూతురు. మోచేతుల దాకా నీలం, ఎంత కడిగినా పోదు. ఒక యోధుడు ఆమెను ఇష్టపడతాడు. అతని తల్లి తెల్ల చేతితొడుగులు పంపించి, ఇవి తియ్యకుండా ఉండేట్టయితే కోడలిగా రమ్మంటుంది. ఆ పిల్ల ఇల్లు విడిచే పూట, వాళ్ళమ్మ ఇసుకతో, బూడిదతో ఆ చేతులు తోముతుంది. తోమి తోమి చివరికి చేతులు పట్టుకుని ఏడుస్తుంది. 'పోనీలే తల్లీ, రంగు ఉండనీ, నాకు గుర్తుగా ఉంటుంది' అంటుంది.

అమెలిన్ ఆ భాగం మెల్లగా చెప్పింది. నేను తలెత్తలేదు. రోజంతా రాశాను, మర్నాడూ రాశాను. మా అమ్మ గుర్తొచ్చింది. నేను ఊరు విడిచిన పొద్దున ఆమె కూడా నా మొహం తడిగుడ్డతో తుడిచింది, చాలాసేపు తుడిచింది. చెయ్యి దానంతట అదే పరుగెత్తింది. ఎనిమిది ఆకులూ నిండాయి. ఇంత హాయిగా నేనెప్పుడూ రాయలేదు.

అమెలిన్ కట్ట తీసుకుని చదివింది. ఒక పేజీ, రెండు పేజీలు. నా వైపు చూసింది. మళ్ళీ చదివింది.

"ఆన్సెల్."

"ఊఁ."

"ఇది మా మాట కాదు. పారిస్ మాటా కాదు. ఎవుల్ది ఇది?"

నేను లాక్కుని చూశాను. మొదటి పంక్తి నుంచి చివరి పంక్తి దాకా మా ఊరి మాట. మా అమ్మ మాట. తొమ్మిదేళ్ళుగా ఎవరికీ వినబడకుండా దాచుకున్నది, దొరసాని పుస్తకంలో, నా చేతిరాతతో, ఎనిమిది ఆకుల నిండా.

తిఫేన్ పెద్దమ్మ రంగులు కొనడానికి వెళ్ళింది. దుకాణంలో మేమిద్దరమే. చెప్పక తప్పలేదు. బుర్గుండీ, ద్రాక్షతోటలు, పాటల బడి, రొట్టె, అంతా చెప్పాను. పారిస్ మాటలోనే చెప్పాను.

ఆమె జాలిపడుతుందనుకున్నాను. ఆమె మొహం ఎర్రబడింది.

"మరి నాను వొచ్చిన రోజు నవ్వినావు."

"అది..."

"నవ్వుతారని తెలిసినోడివి. అదెలగుంటాదో తెలిసినోడివి. తెలీనోడు నవ్వితే తెలీదులే అనుకుంటాను. నువ్వు తెలిసీ నవ్వినావు. ఆ నవ్వు మోసుకుని నాను రోజూ ఇక్కడికొచ్చి కూకుంటన్నాను."

ఆమె అన్నదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. ఆమె లేచి వానలోకి వెళ్ళిపోయింది. ఆ ఎనిమిది ఆకులు బల్ల మీద ఉన్నాయి. ఇంక మూడు రోజుల్లో శనివారం. మాస్టర్ ఆ కట్ట తెరిస్తే నా పని అయిపోయినట్టే. పండుగ మర్నాడే నా చేత రాతగాడిగా ప్రమాణం చేయించి, సొంతంగా బల్ల ఇప్పిస్తానని ఆయన మాటిచ్చి ఉన్నాడు. పారిస్‌లో పుట్టిన రాతగాడికి ఇచ్చిన మాట అది.

తిరిగి రాద్దామంటే లెక్కపెట్టి తెచ్చిన తోలు. ఒక్క ఆకు కూడా మిగులు లేదు, ఆకులకాకులు గీకి రాస్తే మాస్టర్ కళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది.

మర్నాడు ఆమె రాదనుకున్నాను. పదింటికే వచ్చింది. నాతో మాట్లాడలేదు. చంకలోంచి ఎనిమిది ఆకులు తీసి నా ముందు పెట్టింది. తన పుస్తకంలో ఈ భాగానికే తెచ్చుకున్న ఆకులవి. వారం రోజులు సున్నంలో చేతులు పెట్టి సంపాదించినవి. పాడైన కట్టను తీసి తన సంచిలో వేసుకుంది.

"అమెలిన్, ఇవి నీ ఆకులు కదా. మరి నీ పుస్తకానికి?"

ఆమె గోడ వైపు తిరిగి, తండ్రి కథలో పంక్తి ఒకటి చెప్పింది. 'తీసుకో అంటే తీసుకోవాలి, అడిగే హక్కు నీకు లేదు.' కథలో యోధుడి తల్లి కోడలితో అనే మాట అది.

ఆ రెండు రోజులూ అంతే. మాటంటూ ఆడితే కథలోని పంక్తే ఆడేది. నీళ్ళు కావాలంటే దాహంతో ఉన్న గుర్రం పంక్తి. నేను తప్పు రాస్తే రాక్షసుణ్ణి తిట్టే పంక్తి. ఆరువేల పంక్తుల్లో తిట్లెన్ని ఉన్నాయో నాకు అప్పుడే తెలిసింది.

శనివారం పొద్దుటికి కట్ట తయారైంది. మాస్టర్ చదివి, "ఇదీ రాత అంటే. పారిస్ రాత," అన్నాడు. అమెలిన్ అటు తిరిగి సంచి సర్దుకుంటోంది. పాత కట్ట మీది సిరా గీకేసి, ఆ తోలే మళ్ళీ వాడుకుంటుందనుకున్నాను. గీకడం ఆమెకు బాగా తెలుసు. కానీ ఆ ఆకులు మళ్ళీ నా బల్ల మీదకు రాలేదు. పండుగ వారంలో ఆమె పుస్తకం మిగతాదంతా ముగించాం. ఆ భాగం మాత్రం ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

*

సెయింట్ జాన్ పండుగ ముందురోజు మధ్యాహ్నం అవీస్ దొరసాని ఇంటి తోటలో ఇరవైమంది దాకా కూర్చున్నారు. వీధుల్లో పండుగ మంటలకు కట్టెలు పేరుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. నేను పుస్తకం విప్పి చదివాను. మంచి పారిస్ మాట, ఎక్కడా ముల్లు లేదు. అమెలిన్ గోడ పక్కన నిలబడి, చేతులు కట్టుకుని విన్నది.

చదవడం అయ్యాక అందరూ మెచ్చుకున్నారు. రాతగాళ్ళ చేత ప్రమాణం చేయించే పెద్దమనిషి ముందు వరసలో ఉన్నాడు. ఆయన గెడ్డం నిమురుకుంటూ, "ఎర్నూల్, ఈ కుర్రాడు ఎక్కడివాడు? ఇంత స్వచ్ఛమైన మాట ఈమధ్య వినలేదు," అన్నాడు.

"మా వీధిలోనే పుట్టాడండి," అన్నాడు మాస్టర్, కడుపు నిండినవాడిలా.

పెద్దమనిషి అమెలిన్ వైపు చూసి నవ్వాడు. "చూశావా అమ్మాయ్, మీ నాన్న కథ ఇప్పుడు మనుషుల మాటలో ఉంది."

ఇరవైమందీ నవ్వారు. నాకు ఆ నవ్వు తెలుసు. రొట్టె అడిగినప్పటిది. అమెలిన్ మాత్రం, రెండు నెలల కిందట మా దుకాణంలో నిలబడినట్టే, వాళ్ళ నవ్వు అయిపోయేదాకా ఆగుదామన్నట్టు నిలబడింది. తలవంచుకుని ఊరుకుంటే ఎల్లుండి నాకు ప్రమాణం, సొంత బల్ల. నేను పుస్తకం మూశాను.

"అయ్యా, నేను ఆ వీధిలో పుట్టలేదు," అన్నాను. అంతవరకు పారిస్ మాటే వచ్చింది. ఆ తర్వాత నోరు దాని దారి అది చూసుకుంది. "నాది బుర్గుండీ. యాడనో కొండకింద ద్రాక్షతోటల ఊరు. తొమ్మిదేండ్ల నుంచి దాచిపెట్టుకోని తిరుగుతాండా. ఈ పుస్తకంలో ఉండేది పారిస్‌లో పుట్టినోళ్ళ మాట గాదు సామీ. పారిస్‌కి వచ్చినోళ్ళ మాట. ఇది రాసినోణ్ణి నేను. బొమ్మలేసిన తిఫేన్ పెద్దమ్మది నార్మండీ. తప్పులు దిద్దిన మా మాస్టరుది..." ఆయన వైపు చూశాను. ఆయన దగ్గర పనిచేసినన్నాళ్ళలో ఆయన కోపంలో రెండుసార్లు నోరు జారడం విన్నాను. "మా మాస్టరు సంగతి ఆయన్నే అడగండి. అందరం కలిసి, ఒకరిని చూసి ఒకరం భయపడి, మూలలు గీకి గీకి తయారుచేసుకున్నాం దీన్ని. అందంగానే ఉండాది, కాదనను. కానీ ఆ పాపను చూసి నవ్వేంత గొప్ప మనలో ఎవురికీ ల్యా."

ఎవరూ నవ్వలేదు. మాస్టర్ మొహం మాచికాయ సిరాలా నల్లబడింది.

దొరసాని తీరిగ్గా అడిగింది, "అయితే పారిస్‌లో పుట్టి, పారిస్ మాట మాట్లాడేది ఎవరయ్యా?"

"చేపలమ్మే ఎర్సాన్, తల్లీ. పిలిపించమంటారా?"

ఆమె ఫక్కున నవ్వింది. ఎర్సాన్ గొంతు వంతెన అవతలికి కూడా వినబడుతుంది మరి. ఆ నవ్వులో పెద్దమనిషి కూడా కలవక తప్పలేదు. దొరసాని అమెలిన్‌ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. "ఆ చేతులు తోమే ఘట్టం ఒకసారి మీ నాన్న చెప్పినట్టే చెప్పు. కొంపియేన్‌లో విన్నప్పటి నుంచీ అదే చెవిలో ఉంది," అంది. అమెలిన్ చెప్పింది.

బయటకు వస్తుంటే మాస్టర్ నా భుజం పట్టుకుని ఆపాడు. పని పోయిందనుకున్నాను. ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"ఏరా అబ్బాయ్, ఎప్పట్నించి తెలుసు నీకు, నాది షాంపేన్ సీమని?"

"మూడేళ్ళండి."

"ఆయ్. మూడేళ్ళూ నోరు మూసుకున్నావన్నమాట." ఆ మాట ఆయనకే కొత్తగా వినబడిందేమో, ఇంకోసారి "ఆయ్" అన్నాడు. "ఆ పిల్ల ఉత్తరం గేటు కేసి ఎల్తంది. నిలబడి నన్ను చూస్తావేంట్రా? ఎల్లు మరి. నీ పీట ఎవడికీ ఇవ్వన్లే. సెప్టెంబర్లో సెయింట్ మైకేల్ పండక్కి వచ్చేస్తే సాలు. ప్రమాణం అప్పుడు సేద్దుగాని."

*

ఉత్తరం వైపున్న సెయింట్ దెనీ గేటు దగ్గర ఆమెను అందుకున్నాను. రొప్పుతున్నాను. అమెలిన్ సంచి భుజాన వేసుకుని నిలబడి ఉంది. వానకు మబ్బు పట్టింది.

"అమెలిన్, నిలబడు. తప్పు నాదే. నువ్వు వచ్చిన పొద్దు నవ్వినా. నవ్వకుంటే నన్ను చూసి నవ్వుతారని భయపడి నవ్వినా. ఇంగ ఎప్పుడూ నవ్వను. నువ్వంటే నాకు ఇష్టం. పారిస్ మాటలో చెప్పల్లని రాత్రి నుంచి అనుకుంటాండా, రాలా. ఇట్లనే వచ్చింది."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. పెదవి చివర ఏదో కదిలింది.

"ఇంకోసారి అను."

"ఏమి?"

"అదే. ఆ 'రాలా'. బలే ఉంది," అంది.

నేను నవ్వేశాను. ఆమె సంచి దింపి తన పుస్తకం తీసింది. ఇంకా అట్టలు వేయలేదు, దారంతో కుట్టి ఉంది. మధ్యలో తెరిచి నా చేతికిచ్చింది. నా చేతిరాత. మా అమ్మ మాట. ఎనిమిది ఆకులూ చెక్కుచెదరకుండా తండ్రి కథలో కుట్టేసి ఉన్నాయి.

"గీకుదామనే కూకున్నాను," అంది. "కత్తి కూడా పట్టుకున్నాను. గీకేముందు ఒక్కసారి పైకి సదివినాను. ఆ తల్లి ఏడుపు మా నాయన కట్టినప్పుడు ఎలగుందో అలగే ఉంది. కత్తి పక్కనెట్టేసినాను."

"నీ పుస్తకం మీ నాయన మాటలో ఉండల్లన్నావు కదా."

"అన్నాను. ఇప్పుడూ అంటన్నాను. నీకొక్కడికే ఎనిమిదాకులు సోటిచ్చినాను." చినుకులు మొదలయ్యాయి. ఆమె పైగుడ్డ తీసి పుస్తకం మీద కప్పి, ఈసారి ఆ కొస నా తలమీదకు కూడా లాగింది. "కానీ ఒక సిక్కొచ్చి పడింది. ఎన్నిసార్లు సదివినా ఆ ఎనిమిదాకులూ నాకు నోరు తిరగటం నేదు. ఇకమీద ఈ కత ఎక్కడ సెప్పినా ఆ కాడికొచ్చేసరికి నువ్వుండాల."

"ఎక్కడ చెప్పినా అంటే?"

"అరాస్‌లో, కొంపియేన్‌లో, మీ ద్రాక్షతోటల్లో. అన్నిసోట్లా."

నేను సంచి అందుకుని భుజాన వేసుకున్నాను. గేటు దాటి వానలో ఉత్తరంవైపు నడిచాం.